హెర్మన్ గ్రాస్‌మన్ పరిశోధన: అమూర్త బీజగణితం నుంచి ఋగ్వేద పదకోశం వరకు – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

చారిత్రక భాషాశాస్త్రం చదివినవారికి గ్రాస్‌మన్ ఒక ధ్వనిసూత్రానికి కర్త. గణితం చదివినవారికి సదిశల బీజగణితానికి మూలపురుషుల్లో ఒకడు. ఒక శాఖలో చదివినవారికి రెండో శాఖ గ్రాస్‌మన్ పరిచయం కావడం అరుదు. గణితంలో ఆదరణ దొరకక సంస్కృతం వైపు మళ్లాడన్న ప్రచలిత కథనం ఈ విభజనను మరింత స్థిరపరచింది. ఆ కథనానికి తేదీల ఆధారం బలహీనమని ఈ వ్యాసం నిరూపిస్తుంది. రెండు రంగాల్లోనూ ఆయనను నడిపించిన గుణం ఒకటేననీ, ఆ గుణమే ఒకచోట దోషంగా మరొకచోట యోగ్యతగా పరిణమించిందనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: గ్రాస్‌మన్ సూత్రం, మహాప్రాణాలు, విషమీకరణం, సదిశాంతరాళం, పదప్రయోగకోశం, ఋగ్వేదం.

1. ఉపోద్ఘాతం:

తులనాత్మక భాషాశాస్త్ర పాఠంలో గ్రిమ్, గ్రాస్‌మన్, వెర్నర్ అనే మూడు పేర్లు ఒక వరుసలో వినిపిస్తాయి. విద్యార్థి గ్రిమ్ సూత్రం నేర్చుకుంటాడు. దాని అపవాదాల్లో కొన్నింటిని గ్రాస్‌మన్, మరికొన్నింటిని వెర్నర్ పరిష్కరించారని రాసుకుంటాడు. పరీక్షకు ఆ మాత్రం చాలు. గ్రిమ్ జానపద కథల సంకలనకర్తగానైనా గుర్తుంటాడు. గ్రాస్‌మన్ మాత్రం సూత్రం పేరుగానే మిగిలిపోతాడు.

హెర్మన్ గ్రాస్‌మన్ 1809లో స్టెట్టిన్ నగరంలో జన్మించాడు. నేటి పోలండ్‌లోని ష్చెచిన్ అదే. 1877లో అక్కడే మరణించాడు. తండ్రి యుస్టుస్ గ్యుంటర్ గ్రాస్‌మన్ ఆ ఊరి ఉన్నత పాఠశాలలో గణిత, భౌతికశాస్త్రాల ఉపాధ్యాయుడు. 1827లో బెర్లిన్ వెళ్లిన కుమారుడు అక్కడ చదివింది దైవశాస్త్రం, ప్రాచీన భాషలు. విశ్వవిద్యాలయంలో గణితపాఠం వినలేదు. గణితం స్వయంకృషితో అబ్బింది. తర్వాత జీవితమంతా పాఠశాల ఉపాధ్యాయుడే. 1852లో తండ్రి నిర్వహించిన పదవి, దానితో పాటు ప్రొఫెసర్ బిరుదు లభించాయి గానీ విశ్వవిద్యాలయ పీఠం ఏనాడూ దక్కలేదు.

ఈ ఉపాధ్యాయుడి రచనలు రెండు అరల్లో నిలుస్తాయి. ఒక అరలో 1844, 1862 సంవత్సరాల్లో రెండు రూపాల్లో వెలువడిన ‘విస్తార సిద్ధాంతం’. మరొక అరలో 1863 నాటి మహాప్రాణాల వ్యాసం, 1873–75 మధ్య వెలువడిన ఋగ్వేద పదకోశం, 1876–77 నాటి ఋగ్వేదానువాదం. వీటి మధ్య వర్ణమిశ్రమాలపై 1853లో ప్రచురించిన భౌతికశాస్త్ర వ్యాసం, 1861 నాటి అంకగణిత పాఠ్యగ్రంథం, 1870లో జర్మన్ మొక్కల పేర్లపై వచ్చిన పుస్తకం ఉన్నాయి. ఇంత వైవిధ్యాన్ని చూసి బహుముఖ ప్రజ్ఞ అనడం తేలిక. అది ప్రశంసే అవుతుంది, విమర్శ కాదు. ఈ పరిశోధనలకు పరస్పర సంబంధం ఉందా, ఉంటే దాని స్వభావం ఏమిటి అన్నది పరిశీలించదగిన ప్రశ్న.

2. నిరాశా కథనం – తేదీల సాక్ష్యం:

ప్రచారంలో ఉన్న కథనం ఇది: 1844 నాటి గ్రంథాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1862లో దాన్ని పూర్తిగా తిరగరాసి సొంత ఖర్చుతో మూడు వందల ప్రతులు అచ్చు వేయించినా ఫలితం లేదు. 1864లో మొదటి గ్రంథం ప్రతులు సుమారు ఆరు వందలు ప్రకాశకుడి గిడ్డంగి నుంచి చిత్తుకాగితాలుగా వెళ్లిపోయాయి. విసిగిన గ్రాస్‌మన్ గణితాన్ని వదిలి సంస్కృతాన్ని ఆశ్రయించాడు.

ఇందులో ఘటనలన్నీ నిజమే. వాటిని కలిపిన కార్యకారణ సంబంధమే సందేహాస్పదం. భాషాశాస్త్రంలో ఆయన వ్యాసాలు 1862 వైఫల్యం తర్వాత మొదలు కాలేదు. కూన్ సంపాదకత్వంలోని తులనాత్మక భాషాశాస్త్ర పత్రికలో స్పర్శాలకు పరంగా వకారం చేరినప్పుడు కలిగే మార్పులపై 1860లోనే ఆయన రాశాడు. హల్లులకు పరంగా యకారం చేరిక మీద వ్యాసం 1862లో వచ్చింది. అంటే బీజగణిత గ్రంథాన్ని తిరగరాస్తున్న కాలంలోనే ధ్వనుల సంయోగాలనూ పరిశీలిస్తున్నాడు. పైగా ఆయన విశ్వవిద్యాలయ శిక్షణ భాషల్లోనే. ‘గణితం నుంచి భాషకు మళ్లాడు’ అనడం కంటే భాషల విద్యార్థి స్వయంకృషితో గణితంలోకి వెళ్లి, భాషను కూడా వదలలేదనడం ఆధారాలకు దగ్గరగా ఉంటుంది. గణితరచన తగ్గడానికి నిరాదరణ ఒక కారణం కావచ్చు. భాషాధ్యయనం పుట్టడానికి మాత్రం అది కారణం కాదు.

3. పరిక్రియ ముందు, వస్తువు తరువాత:

1844 గ్రంథం సదిశల గురించి చెప్పడానికి ముందు ‘రూపాల సామాన్య సిద్ధాంతం’ అనే భాగంతో మొదలవుతుంది. రెండు వస్తువులను కలిపి మూడో వస్తువును పొందే పరిక్రియ ఒకటి ఉందనుకుంటే, అది ఏ ధర్మాలు పాటిస్తే సంకలనం అనదగినది, మరొక పరిక్రియ దానితో ఏ సంబంధం కలిగి ఉంటే గుణకారం అనదగినది అన్న విచారణ అందులో ఉంది. సహచర ధర్మం, స్థిత్యంతర ధర్మం, విభాగ న్యాయం అని పాఠశాలలో నేర్చుకునేవే ఈ ధర్మాలు. అయితే ఇక్కడ కలుస్తున్నవి సంఖ్యలా, రేఖలా, మరేవైనా వస్తువులా అన్నది ఇంకా చెప్పలేదు. వస్తువు ఏమిటో తేల్చకుండా పరిక్రియ నియమాలనే అధ్యయనం చేయడం నేటి అమూర్త బీజగణితానికి ప్రాణం. ఆ పేరు అప్పటికి లేదు, పద్ధతి ఉంది.

దీని నుంచి రెండు ఫలితాలు వచ్చాయి. మొదటిది, పరిమాణం మూడుకు ఆగనక్కర లేదు. మనం నివసించే ప్రదేశం మూడు పరిమాణాలది కావడం ఒక ప్రత్యేక సందర్భం మాత్రమే. జ్యామితి ఈ సిద్ధాంతానికి అనువర్తనమే గాని ఆధారం కాదు. రెండవది, కొత్త గుణకారం. రెండు సదిశలను గుణిస్తే వాటి మీద నిర్మితమయ్యే సమాంతర చతుర్భుజ వైశాల్యం వస్తుంది. ఆ వైశాల్యానికి దిశ ఉంటుంది. గుణకాల క్రమం మార్చితే గుర్తు మారుతుంది. ఒక సదిశను దానితోనే గుణిస్తే ఫలితం సున్న. క్రమం మార్చినా ఫలితం మారనిదే గుణకారమని నమ్మిన పాఠకుడికి ఇది మింగుడు పడలేదు.

సిద్ధాంతం కంటే రచనా రూపమే పాఠకుణ్ణి ఎక్కువగా దూరం చేసింది. గ్రంథం తత్త్వచర్చతో మొదలవుతుంది. ఉదాహరణ కోసం చాలాసేపు ఎదురుచూడాలి. సమీక్ష రాయమన్న అభ్యర్థనను మోబియస్ అంగీకరించలేదు. విశ్వవిద్యాలయ పదవి కోసం గ్రాస్‌మన్ చేసుకున్న వినతిపై 1847లో విద్యామంత్రిత్వ శాఖ కుమ్మర్ అభిప్రాయం కోరింది. విషయం మంచిదే, చెప్పిన తీరు లోపభూయిష్ఠమని ఆ నివేదిక సారాంశం. పదవి రాలేదు. చరిత్రకారులు కుమ్మర్‌ను తప్పుపట్టడం పరిపాటి. గ్రంథం ముందు పెట్టుకుని చూస్తే ఆయన తీర్పులో రెండో సగం అన్యాయమనిపించదు. 1846లో లైప్‌జిగ్‌లోని యాబ్లోనోవ్‌స్కీ సంఘం బహుమతి గ్రాస్‌మన్‌కే వచ్చింది. పోటీకి వచ్చిన వ్యాసం అదొక్కటే. దాన్ని అచ్చు వేసినప్పుడు మోబియస్ వివరణ వ్యాసం జోడించవలసి వచ్చింది. వ్యాఖ్యాత లేనిదే మూలం నడవని స్థితి అది.

1862 గ్రంథంలో తత్త్వచర్చ పోయి నిర్వచనం, ప్రమేయం, ఉపపత్తి అనే కఠిన క్రమం వచ్చింది. నేడు సదిశాంతరాళపు ఆధారం, పరిమాణం, ఋజు స్వాతంత్ర్యం అని పాఠ్యగ్రంథాల్లో ఉండే విషయాలు చాలావరకు అందులో ఉన్నాయి. కానీ ఒక అతి నుంచి మరొక అతికి వెళ్లడం వల్ల పాఠకుడికి ఒరిగింది తక్కువ. సిద్ధాంతం లోకానికి చేరింది ఇతరుల ద్వారా: 1867లో హాంకెల్, 1888లో పెయానో. సదిశాంతరాళానికి నేటి రూపంలో స్వయంసిద్ధాలు రాసినవాడు పెయానో. అంకగణితాన్ని ఆగమన పద్ధతిలో నిర్మించడంలోనూ గ్రాస్‌మన్ 1861 గ్రంథానికి తన ఋణాన్ని ఆయన ప్రకటించాడు.

4. ధాతువు ఆద్యంతాలు:

1863 వ్యాసం శీర్షికను తెలుగులో చెబితే ‘మహాప్రాణాలు, ధాతువుల ఆదిలోనూ అంతంలోనూ అవి ఏకకాలంలో ఉండటం’ అని వస్తుంది. సూత్రాన్ని బట్టీపట్టిన విద్యార్థి ఈ శీర్షికను గమనించడు. సమస్య నిర్మాణమంతా అందులోనే ఉంది. ఒక పదం ఎలా మారిందన్న ప్రశ్న కాదిది. ధాతువుకు రెండు స్థానాలున్నాయి. ఆ రెండింటిలో ఏ వర్ణాల జతలు సాధ్యం, ఏవి అసాధ్యం అన్న ప్రశ్న.

నేపథ్యం క్లుప్తంగా: గ్రిమ్ సూత్రం ప్రకారం మూల ఇండో-యూరోపియన్ భాషలోని బకారం జర్మానిక్ భాషల్లో పకారం కావాలి, భకారం బకారం కావాలి. సంస్కృతంలో బోధతి (మేల్కొను, తెలుసుకొను) అన్న రూపానికి గోథిక్ సజాతి పదం ‘బియుదన్’. రెండు చోట్లా బకారమే. సంస్కృత బకారం మూలానిదే అయితే గోథిక్‌లో పకారం ఉండాలి. తెలుగులో తత్సమంగా వాడే బంధం, ఇంగ్లీషు ‘బైండ్’ జతలోనూ ఇదే చిక్కు. గ్రీకులో బోధతికి సజాతి రూపం పకారంతో మొదలవుతుంది. ఇలా మూడు భాషలు మూడు వైపులకు లాగుతాయి. 1862లో లోట్నర్ ఇటువంటి అపవాదాలను వర్గీకరించి ప్రచురించాడు. జర్మానిక్ భాషలే నియమం తప్పాయన్న భావన అప్పటికి సహజంగా ఉండేది.

గ్రాస్‌మన్ పరిష్కారం అపవాదాన్ని తిరగవేసింది. మూలధాతువులో ఆద్యంతాలు రెండూ మహాప్రాణాలే: ‘భ్’తో మొదలై ‘ధ్’తో ముగిసే ధాతువు. సంస్కృతం, గ్రీకు రెండు మహాప్రాణాలను దగ్గర దగ్గరగా సహించక మొదటిదాన్ని అల్పప్రాణం చేశాయి. గ్రీకులో భకారం ముందుగా ఫకారమై, ఆపైన పకారమైంది. ఈ మార్పు ఆ రెండు భాషల్లో విడివిడిగా జరిగిందని నేటి భాషాశాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది అభిప్రాయం. గోథిక్ ‘బియుదన్’ మాత్రం మూల భకారం నుంచి గ్రిమ్ చెప్పినట్లే వచ్చింది. నియమం తప్పింది గోథిక్ కాదు, మారింది సంస్కృతం.

ఈ మాట 1863లో తేలికైనది కాదు. ఇండో-యూరోపియన్ కుటుంబంలో సంస్కృత రూపమే అతిప్రాచీనమనీ, దానితో పోల్చి మిగిలినవాటిని నిర్ణయించాలనీ అనుకుంటున్న కాలమది. ఒక విషయంలోనైనా గోథిక్ రూపం సంస్కృతం కంటే మూలానికి దగ్గరగా ఉందని ఈ వ్యాసం చూపింది. తెలుగు తరగతిలో ఈ సూత్రాన్ని ‘గ్రిమ్ సూత్రానికి సవరణ’గా మాత్రమే చెప్పినప్పుడు ఈ పార్శ్వం పూర్తిగా జారిపోతుంది. సంస్కృతాన్ని మూలభాషగా కాక సోదర భాషగా చూడటం నేర్పే పాఠాల్లో ఇది ముఖ్యమైనది.

పాణినితో పోల్చి చూస్తే పద్ధతి భేదం మరింత స్పష్టమవుతుంది. సంస్కృత వ్యాకరణం చదివిన తెలుగు పాఠకుడికి ఈ మహాప్రాణాల ఆట కొత్త కాదు. దుహ్ ధాతువుకు ధోక్ష్యతి, దహ్ ధాతువుకు ధక్ష్యతి, బుధ్ ధాతువుకు భోత్స్యతే. గోవును పితికేవాడు గోధుక్. ధాతువు చివరి మహాప్రాణత్వం పోయిన చోట మొదటి వర్ణానికి మహాప్రాణత్వం వస్తుంది. అష్టాధ్యాయిలో 8.2.37 సూత్రం దీన్ని విధిస్తుంది. దధాతి, బిభర్తి, బభూవ వంటి ద్విరుక్త రూపాల్లో అభ్యాస వర్ణం అల్పప్రాణం కావడాన్ని 8.4.54 చూసుకుంటుంది. పాణిని దృష్టిలో ఇవి వేర్వేరు విధులు. ధాతువు బుధ్, అందులో ఆదివర్ణం అల్పప్రాణం, కొన్ని సందర్భాల్లో దానికి మహాప్రాణాదేశం.

గ్రాస్‌మన్ ఇదే సామగ్రిని తలకిందులు చేశాడు. ధాతువు ఆదివర్ణం నిజానికి మహాప్రాణమే. చివర మరో మహాప్రాణం ఉన్నంతవరకు అది అణగి ఉంటుంది. చివరిది తొలగితే అణచేది లేదు కనుక నిలిచి బయటపడుతుంది. ధోక్ష్యతిలోని ధకారం కొత్తగా వచ్చిన ఆదేశం కాదు, పోకుండా మిగిలినది. ద్విరుక్తిలో జరిగేదీ ఇదే. రెండు సూత్రాలు ఒక్క నియమంలో ఇమిడిపోయాయి. దీనివల్ల పాణిని తప్పయ్యాడని కాదు. ఆయన ప్రయోజనం ప్రయోగంలో ఉన్న భాషకు రూపసిద్ధి చెప్పడం, దానికి ఆ దిశ చాలు. చరిత్ర చెప్పవలసి వచ్చినప్పుడే దిశ మార్చాలి.

ఇక్కడ ఒక ప్రలోభం పొంచి ఉంటుంది. బీజగణితంలో ఒక సదిశను దానితోనే గుణిస్తే సున్న. ధాతువులో మహాప్రాణం పక్కన మహాప్రాణం నిలవదు. రెండూ ఒకటేనని రాసేయవచ్చు. అలా రాస్తే చమత్కారమే మిగులుతుంది. మొదటిది నిర్వచనం నుంచి వచ్చిన ఫలితం, రెండవది రెండు భాషల్లో ఒక కాలంలో జరిగిన ఘటన. సామ్యం ఫలితాల్లో లేదు, ప్రశ్న వేసే తీరులో ఉంది. విడి వస్తువును పక్కనపెట్టి స్థానాలనూ, సంయోగాలనూ, వాటి నిషేధాలనూ సంపూర్ణంగా పరిశీలించడం రెండింటికీ సామాన్యం. 1860 నాటి వకార సంయోగాల వ్యాసం నుంచి ఇదే ధోరణి కనిపిస్తుంది. 1853 నాటి వర్ణమిశ్రమ సిద్ధాంతంలోనూ రంగులు కలిసే తీరుకే ప్రాధాన్యం.

ధాతునిర్మాణాన్ని నియమబద్ధంగా చూసే ఈ తరహా పని తెలుగుకు కూడా జరిగింది. తెలుగు క్రియాధాతువుల్లో అచ్చుల దైర్ఘ్య హ్రస్వాలపై భద్రిరాజు కృష్ణమూర్తి 1955లో ప్రచురించిన వ్యాసం, 1961 నాటి ‘తెలుగు వెర్బల్ బేసెస్’ అందుకు నిదర్శనాలు. దక్షిణ మధ్య ద్రావిడ భాషల ఉపవర్గీకరణ కోసం 1983లో ఆయన గణాంకశాస్త్రవేత్త లింకన్ మోజెస్, డగ్లస్ డాన్‌ఫర్త్‌లతో కలిసి ‘లాంగ్వేజ్’ పత్రికలో రాశారు. ఆ వ్యాసం తెలుగు విభాగానిదా, గణాంక విభాగానిదా అని అడిగితే సమాధానం ఉండదు. ప్రచురణలను ‘సంబంధిత విషయం’ అన్న గడిలో నింపి లెక్కించే నేటి పద్ధతిలో ఇటువంటి రచన ఇబ్బంది పెడుతుంది.

5. పదకోశం, అనువాదం:

ఋగ్వేద పదకోశం గ్రాస్‌మన్ రచనల్లో పాఠకుడికి అతి సన్నిహితమైనది. బోట్‌లింక్, రోత్‌ల పీటర్స్‌బర్గ్ నిఘంటువు అప్పటికి చాలావరకు వెలువడింది. దాని ఋణం ఈ కోశంపై ఉంది. అయితే ఇది చేసిన పని వేరు. ఋగ్వేదంలోని పదానికి అర్థాలిచ్చి ఊరుకోలేదు. ఏ విభక్తిలో, ఏ వచనంలో, ఏ లకారంలో, ఏ రూపంలో ఎక్కడ ప్రయుక్తమైందో సూక్త, మంత్ర సంఖ్యలతో రూపక్రమంలో పేర్చింది. తెలుగు పాఠకుడు దీన్ని ‘నన్నయ పదప్రయోగకోశం’ వంటి గ్రంథాలతో పోల్చుకుంటే దాని జాతి వెంటనే బోధపడుతుంది. ఇటువంటి కోశాన్ని అర్థం కోసం కంటే ఆధారం కోసం ఎక్కువగా తెరుస్తారు. గ్రాస్‌మన్ ఇచ్చిన అర్థాల్లో ఎన్నింటినో తర్వాతి వైదిక పండితులు సవరించారు. ప్రయోగస్థానాల పట్టిక మాత్రం పనికివస్తూనే ఉంది. కొలోన్ విశ్వవిద్యాలయపు డిజిటల్ సంస్కృత నిఘంటువుల్లో నేటికీ అది ఒకటి.

బీజగణిత గ్రంథంలో పాఠకుణ్ణి తరిమిన లక్షణమేదో అదే ఇక్కడ అతణ్ణి నిలబెట్టింది. ఏ సందర్భాన్నీ వదలకపోవడం, క్రమం తప్పకపోవడం, ఉదాహరణ కంటే వ్యవస్థకు పెద్దపీట వేయడం సిద్ధాంత గ్రంథంలో అలసట కలిగిస్తాయి. కోశానికి అవే ప్రాణాలు. కోశాన్ని ఎవరూ మొదటి పుట నుంచి చదవరు. అందువల్ల గ్రాస్‌మన్‌కు చేతకాని పని, పాఠకుణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించడం, ఇక్కడ అవసరమే కాలేదు.

అనువాదం విషయంలో ఈ గుణమే హాని చేసింది. 1876–77లో రెండు సంపుటాలుగా వచ్చిన జర్మన్ ఋగ్వేదం ఛందోబద్ధం. అదే కాలంలో ఆల్‌ఫ్రెడ్ లూడ్విగ్ వచనానువాదం మొదలైంది. ఛందస్సు కోసం అర్థాన్ని సర్దుకోవలసి రావడం ఒక ఇబ్బంది. అంతకంటే పెద్దది, అర్వాచీనమని తాను భావించిన సూక్తాలనూ మంత్రాలనూ గ్రాస్‌మన్ మూలక్రమం నుంచి తీసి అనుబంధంలోకి పంపాడు. గ్రిఫిత్ తన ఇంగ్లీషు అనువాదం పాదసూచికల్లో ఈ తరలింపులను పదేపదే గుర్తించాడు. ఏది ప్రాచీనం, ఏది ప్రక్షిప్తం అన్న విచారణ న్యాయమైనదే. తెలుగులో కావ్యపరిష్కర్తలు ప్రక్షిప్త పద్యాలతో నిత్యం చేసే పనే అది. కానీ పరిష్కర్త పాఠాంతరాలను చూపి, ప్రతుల సాక్ష్యం ఇచ్చి, నిర్ణయాన్ని పాఠకుడి ముందుంచుతాడు. ఇక్కడ అనువాదకుడి ఊహావ్యవస్థే గ్రంథక్రమాన్ని నిర్దేశించింది. గెల్డ్‌నర్ జర్మన్ అనువాదం 1951లో పూర్తిగా వెలువడిన తర్వాత గ్రాస్‌మన్ అనువాదాన్ని ప్రమాణంగా తీసుకునేవారు దాదాపు లేరు.

6. రెండు గుర్తింపులు:

గౌరవాలు ఆలస్యంగా, అదీ విడివిడిగా వచ్చాయి. 1871లో గోటింగెన్ అకాడమీ గ్రాస్‌మన్‌ను సభ్యుడిగా ఎన్నుకున్నది గణితం కోసం. 1876లో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది వైదికభాషా కృషికి. మరణించిన మరుసటి ఏడాది 1844 గ్రంథం పునర్ముద్రణ పొందింది. దానికి ముందుమాటను ఆయన 1877లోనే రాసి పెట్టాడు. తర్వాత ఫ్రీడ్రిఖ్ ఎంగెల్ సంపాదకత్వంలో 1894 నుంచి 1911 వరకు సమగ్ర రచనలు వెలువడ్డాయి. ఎంగెల్ కృషి లేకుంటే బీజగణితకారుడైన గ్రాస్‌మన్‌ను చదవడం నేటి పరిశోధకుడికి ఎంతో కష్టమయ్యేది. అయితే ఆ సంపుటాల పేరు ‘సమగ్ర గణిత, భౌతికశాస్త్ర రచనలు’. మహాప్రాణాల వ్యాసం కావలసిన పరిశోధకుడు ఇప్పటికీ కూన్ పత్రిక పన్నెండో సంపుటాన్నే వెతుక్కోవాలి.